మెట్ల మీద పెంటికలు

"లెక్కపెట్టి మరీ తెచ్చాను. పదకొండు!"

శివపార్వతి గారు చెత్త ఎత్తే చేట పట్టుకుని మేడ మీది గది గుమ్మం బయటే నిలబడింది. కింద పోర్షన్‌లో ఒక్కతే ఉండే ఇంటి ఓనరావిడ. రెండో చేతిలో ఎప్పట్లాగే బొప్పాయి ముక్కల గిన్నె. పెరట్లో చెట్టు విరగకాస్తోంది మరి. తిట్టడానికి వచ్చినా వట్టి చేతులతో రాదు, అదొక మర్యాద.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన సుధామణి ఇంకా చెప్పులైనా విప్పలేదు.

"గదిలో ఒక్కటీ వెయ్యట్లేదండీ పిన్నిగారూ. చూడండి, అన్నీ ట్రేలోనే!"

"మరి నా మెట్ల మీదవి ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

మంచం కింద నుంచి దూది తొంగిచూసింది. తెల్ల కుందేలు. పంచాయితీ తన గురించేనని దానికేం తెలుసు, మూతి ఆడించుకుంటూ మళ్ళీ లోపలికి పోయింది.

ఆ ట్రే వెనక నెల రోజుల పాట్లున్నాయి. రంపపు పొట్టు తెచ్చి పోసింది. గదిలో ఎక్కడ పెంటిక కనపడినా ఏరి అందులోనే వేసింది. తింటూ తింటూనే పని కానిచ్చే జాతి అని కనిపెట్టి, గడ్డి కూడా ట్రే అంచునే పెట్టింది. పది రోజుల కిందట దూది తనంతట తాను ట్రే ఎక్కింది. సుధామణికి ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి ఎవరూ లేక దూదికే చెప్పింది.

"నువ్వు ఆఫీసుకెళ్ళగానే వరండా గ్రిల్లు సందులోంచి దిగుతోందమ్మాయ్."

"ఏదీ, ఓసారి చూడనివ్వండి" అంటూ సుధామణి చేట అందుకోబోయింది.

"ఛీ, ముట్టుకోకు, కంపు!" ఆవిడ గబగబా చేటలోవి గోడ అవతలికి విసిరేసింది.

తర్వాత ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. అరగంట తిట్టింది. మధ్యలో మోకాళ్ళ నొప్పులు, కుళాయిలో రాని నీళ్ళు, ఎదురెదురుగా ఉండి కూడా పలకరించని ఎదురింటివాళ్ళు అన్నీ వచ్చాయి. రెండు కప్పుల కాఫీ తాగి, లేస్తూ లేస్తూ అసలు మాట అంది.

"ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత కుందేల్ని పంపుతావో, నువ్వే ఖాళీ చేస్తావో తేల్చుకో."

మర్నాడు సుధామణి గ్రిల్లు సందులకు అట్టముక్కలు కట్టింది. అయినా శుక్రవారం సాయంత్రం చేట వచ్చింది. ఈసారి ఎనిమిది. చూస్తే అట్టముక్క మూల కొరికి ఉంది.

శనివారం పొద్దున దూదిని అట్టపెట్టెలో పెట్టి ఆఫీసుకు తీసుకెళ్ళింది. పక్క సీటు ఎలిజబెత్ రోజూ కంకిపాడు నుంచి బస్సులో వచ్చిపోతుంది.

"మా పెరట్లో మేకలున్నాయిగా, వాటితోపాటే ఇదీనూ. బెంగపడకు సుధా," అంది ఎలిజబెత్. "దానికి ట్రే ఏదో అలవాటు చేశానని ఇందాక అన్నావు, అదీ ఇస్తావా?"

"పెరట్లో ట్రే ఎందుకులే," అంది సుధామణి.

సాయంత్రం తాళం తీస్తే కాళ్ళకు ఏదీ అడ్డం పడలేదు. గడ్డి ఎక్కడిదక్కడే ఉంది. ట్రే ముందు కూర్చుంది. ఏడుపొచ్చింది. కుందేలు కోసం ఏడవడమేంటి, నలుగురూ నవ్విపోతారు అనుకుంది. నలుగురు ఎక్కడున్నారని గుర్తొచ్చి ఇంకా గట్టిగా ఏడ్చింది.

కిందికెళ్ళి ఆ మహాతల్లికి చెప్పబుద్ధి కాలేదు. ఆదివారం ఎలాగూ వస్తుందిగా, మొహం మీదే చెబుతాను, ఇకనైనా మీ మెట్లకు పూజ చేసుకోండి అంటాను అని గట్టిగా అనుకుంది. రాత్రంతా ఆ మాటే నూరుకుంది.

ఆదివారం సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు. సుధామణి తలుపు తీసి నోరు తెరిచేలోపే శివపార్వతి గారు అందుకుంది.

"ఇవాళ పద్నాలుగు! ఇందాకే వేసింది. నా కళ్ళారా చూశాను, తెల్లగా బంతిలా ఎగురుకుంటూ నీ గదిలోకే పారిపోయింది."

సుధామణి వెనక్కి తిరిగి ఖాళీ గదిలోకి చూసింది.

ఆయాసంలో ఆవిడ ఈసారి చేట వెనక్కి లాక్కోవడం మర్చిపోయింది. సుధామణి వంగి చూసింది. నల్లగా, ముడతలు పడి, కడిగి ఆరబెట్టిన బొప్పాయి గింజలు.

ఒళ్ళు మండిపోయింది. వీటి కోసమా నా దూది పోయింది? నెల రోజుల కష్టం, కాళ్ళ దగ్గర తిరిగే ఒక్క ప్రాణం, వీటి కోసమా? రాత్రంతా నూరిన మాట నాలుక చివరికొచ్చింది. తలెత్తి చూసింది.

శివపార్వతి గారు తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. తిట్టడానికి వచ్చే మనిషికి ఇస్త్రీ చీరెందుకు? ఆవిడ చూపు సుధామణి మీద లేదు. ప్లాస్టిక్ కుర్చీ మీదుంది.

"ఇవాళ ఆదివారమేననుకో," ఆవిడ గొంతు తగ్గింది. "అయినా పాపం, నోరు లేని జీవం. ఇంకో వారం గడువిస్తున్నాను. నేర్పుకో. ఇంతకీ ఏదీ, కనపడదే?"

సుధామణి ఖాళీ ట్రేని కాలితో మెల్లగా మంచం కిందికి నెట్టింది.

"మీరంటే భయమండీ దానికి, దాక్కుంది. కూర్చోండి పిన్నిగారూ, కాఫీ పెడతాను. వారంలో నేర్చుకుంటుందని నాకు నమ్మకం లేదు. మీరు మాత్రం రోజూ వచ్చి చూస్తూ ఉండండి."