ముద్ర విడువరాదు

ధ్యానంలో చేతి ముద్రను, నోటి మంత్రాన్ని జోడించువారు పాటించవలసిన పద్ధతి ఇది. బొటనవేలి కొస చూపుడువేలి కొసను తాకవలెను. మంత్రం నూట ఎనిమిది సార్లు పూర్తయ్యేదాకా ఆ వేళ్లను విడదీయరాదు. ఈ నిబంధనను మా ఇంట్లో ప్రవేశపెట్టినవాడిని నేనే.

నిన్న ఉదయం డెబ్బై రెండోసారి మంత్రం చెబుతుండగా వంటింట్లోంచి నా భార్య పిలిచింది.

"ఏమండీ, అటక మీది డబ్బా దించాలి. కాస్త వచ్చి ఈ స్టూలు పట్టుకోండి."

నిబంధనను గౌరవించి నేను కదలలేదు. ఆమె మరో రెండుసార్లు పిలిచింది. లెక్క ఎనభైకి చేరేసరికి స్టూలు ఒరిగిన చప్పుడు, ఆ వెంటనే ఆమె పడిన చప్పుడు వినిపించాయి.

ఆసుపత్రిలో ఆమె మణికట్టుకు కట్టు వేస్తున్న డాక్టరుగారికి, ధ్యానంలో లీనమై ఉన్నందున పిలుపు నా చెవిన పడలేదని సవినయంగా మనవి చేశాను. ఆయన తలూపారు.

బయటికి వచ్చాక ఆమె నెమ్మదిగా అడిగింది.

"వినపడకపోతే, నేను పిలిచినప్పుడల్లా మంత్రం ఇంకా గట్టిగా ఎందుకు చదివారండీ?"

వెంటనే నిబంధనను సవరించాను. ఇకపై మా ఇంట ధ్యానం నిలబడి, రెండు చేతులతో స్టూలు పట్టుకునే చేయవలెను. స్టూలు మీద ఎవరూ లేకపోయినా సరే. ఇదే తుది నిర్ణయం.