జెల్ ఆరేదాకా

పొద్దున్నే కాకినాడలో ఏ బాల్కనీ చూసినా చొక్కాల్లేని ముసలాళ్ళే. రిటైర్మెంటు వయసు ఎనభైకి పెంచాక, డ్యూటీకెళ్ళే ముందు ఒంట్లో సత్తువ కోసం సర్కారు ఇచ్చే మగ హార్మోను జెల్ భుజాలకి రాసుకుని, అది ఆరేదాకా ఇలా చేతులు చాపుకుని నిలబడాల్సిందే.

డెబ్భై రెండేళ్ళ గంగరాజుకి జెల్ రాసేది భార్య వీరవేణి. రాసేవాళ్ళ కోసం డబ్బాతోపాటు గ్లౌజులు కూడా ఇచ్చారు. మొదటిరోజే ఆయన వాటిని విసిరికొట్టాడు.

"నేనేమన్నా శవాన్నా? ఇన్నాళ్ళూ నూనె ఒట్టి చేత్తో రాయలేదేంటి?"

జెల్ మొదలయ్యాక ఆయనకి కోపం ముక్కుమీదే ఉంటోంది. ఆమె ఎదురుచెప్పకుండా ఒట్టి చేత్తోనే రాస్తూ వచ్చింది. ఆయనకెక్కాల్సిన మందులో కొంత ఆమె అరచేతుల్లోంచి ఆమెకీ ఎక్కింది. ఏడాది తిరిగేసరికి గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి, గొంతు ముదిరి మగగొంతయింది. ఒకప్పుడు పేరంటాల్లో మంగళహారతి ఆమే ఎత్తుకునేది. ఇప్పుడు గుమ్మం దాటడమే మానేసింది.

జెల్ వాడే మగాళ్ళకి రక్తం చిక్కబడుతుంది. అందుకే అప్పుడప్పుడూ కొంత తీసేస్తుంటారు. ఆ పనికి ఆరోజు కొత్త నర్సు వచ్చింది.

"నిద్ర పడుతోందా బాబాయిగారూ? కోపం తగ్గిందా?"

"నాకేంటమ్మా, గుర్రంలా ఉన్నాను."

"కాఫీ తాగి వెళ్ళమ్మా," అంది వీరవేణి వంటింట్లోంచి.

నర్సు బ్యాగులోంచి ఇంకో సూది తీసింది. "లోపల ఇంకో పెద్దాయన ఉన్నారాండీ? రమ్మనండి, ఆయనకీ చూసేస్తాను."

గంగరాజు తలెత్తకుండా చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"లోపలెవరూ లేరమ్మా."