సన్న దారం

"అట్లా గుంజకయ్యా! గుండు అడుగు తాకనీ. జానెడు లేపు. దారం బిగువు వదలకుండా మెల్లిగా దించు. దిగేటప్పుడే కదా చేప నోట పట్టేది!" అంది ఆర్లిస్.

"పెళ్ళయిన కాణ్ణించీ దించుతూనే ఉన్నాను," అన్నాడు డెల్మర్. అతని గాలం ఖాళీగా పైకొచ్చింది. సీసపు గుండు కింద కొక్కేనికి గుచ్చిన చిరుచేప సగమే మిగిలింది.

"సాగర్ చేప కొరుక్కుపోయింది. నీకు తెలియను కూడా తెలీలేదు."

"తెలిసింది. అందుకే గుంజాను."

"గుంజితే నోరు చిరిగిపోతుంది. సాగరయినా, దాని జాతిదే వాల్ఐ చేపయినా లాక్కురాకూడదు. దాన్నే రానివ్వాలి."

మిసిసిపీ మీద మంచు విడిచి ఎన్నాళ్ళో కాలేదు. డ్యామ్ గేట్లన్నీ ఎత్తేశారు. ఆ హోరులో మొగుడూ పెళ్ళాం పక్కపక్కనే నిలబడి కూడా అరుచుకోవలసి వస్తోంది. ఒడ్డున పేర్చిన బండరాళ్ళ మీద ఆ పొద్దున వాళ్ళిద్దరే ఉన్నారు.

ఇంకో చిరుచేప కోసం బకెట్లో చెయ్యి పెట్టిన డెల్మర్ అట్లాగే ఆగిపోయాడు.

"ఆర్లిస్! మనిషి!"

డ్యామ్ కింద తెల్లగా మరుగుతున్న నురగలోంచి ఎర్ర లైఫ్ జాకెట్టు ఒకటి కొట్టుకొస్తోంది. పైన ఒక తల. చేతులు రెండూ గాలిలో ఆడుతున్నాయి. నోరు తెరుచుకుని ఉంది. ఒక్క మాట కూడా ఒడ్డుకు చేరడం లేదు.

డెల్మర్ ఫోన్ తీశాడు. చోటు చెప్పాడు. "పడవ ఊళ్ళోంచి రావాలట!"

"అది వచ్చేదాకా ఈ నీళ్ళలో బతుకుతాడా?" ఆర్లిస్ అప్పటికే దారం చుట్టేసి గాలం కర్ర వెనక్కి ఎత్తింది.

"ఆ దారంతోనా? నీకేమన్నా మతిపోయిందా? పెద్ద చేపకే తెగుద్ది!"

"నేనేం మొయ్యను. నీళ్ళే మోస్తున్నాయి. నేను దారి మళ్ళిస్తాను, అంతే."

మొదటిసారి విసిరిన గుండు అతనికి ఇవతలే పడింది. రెండోసారి అతని భుజం దాటి పడింది. ఆర్లిస్ మెల్లిగా చుట్టుకుంటూ వచ్చింది. కొక్కెం జాకెట్టు పట్టీని పట్టుకుంది. కర్ర విల్లులా వంగింది.

ఆమె లాగలేదు. ప్రవాహం వెంట అతనితో పాటే నడక మొదలుపెట్టింది. పాచి పట్టిన రాళ్ళ మీద ఒక్కో కాలూ చూసుకుని వేస్తూ, అంగుళం అంగుళం చొప్పున అతన్ని ఒడ్డువైపు తిప్పుతోంది. ముందు ఒకచోట రాళ్ళ వరస నదిలోకి చొచ్చుకుని ఉంది. దాని చాటున నీళ్ళు నిలకడగా ఉన్నాయి.

"అక్కడికి తెస్తా. నువ్వు ముందుపోయి దిగు!"

"లాగవే, పోతున్నాడు!"

"నోరు మూసుకుని కాళ్ళ కింద చూసుకో!"

నీళ్ళలోని మనిషి గింజుకున్నాడు. ఎగువకు తిరిగి కాళ్ళు కొట్టాడు. చెయ్యెత్తి విసురుగా ఊపాడు. రీలు కీచుమంటూ దారం వదిలింది. ఆర్లిస్ దాన్ని పోనిచ్చింది. అతను అలిసి ఆగగానే మళ్ళీ చుట్టుకుంది.

"కదలకు! పట్టాం నిన్ను! పట్టాం!" అని గొంతు చించుకుంది.

అతను చెయ్యి వీపు మీదికి పెట్టి ఆ పట్టీ కోసం తడుముకోసాగాడు.

"వీడి తలకాయ! కొక్కెం పీకేసుకుంటున్నాడే!" అని అరిచాడు డెల్మర్.

"చలి మెదడుకెక్కింది. అట్లాంటప్పుడు బట్టలు కూడా విప్పేసుకుంటారంట. వాడికి తెలీదు పాపం. మనకి తెలియాలి."

కొయ్యబారిన వేళ్ళు కొక్కేన్ని పట్టుకోలేకపోయాయి. అతను మళ్ళీ గింజుకున్నాడు, ఆమె మళ్ళీ దారం వదిలింది. దారం బిగువు మాత్రం ఒక్కసారీ తప్పలేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరి కళ్ళూ ఆ ఎర్ర జాకెట్టు మీదే ఉన్నాయి.

చివరికి అతని మెడ వాలిపోయింది. రాళ్ళ చాటు నీళ్ళలోకి తిరిగి, నెమ్మదిగా ఒడ్డుకు వచ్చాడు. డెల్మర్ నడుం లోతు దిగి జాకెట్టు దొరకబుచ్చుకుని రాళ్ళ మీదికి ఈడ్చాడు.

పడినవాడు పడినట్టు ఉండలేదు. మోచేతుల మీద పాకుతూ మళ్ళీ నీళ్ళవైపు బయలుదేరాడు.

"ఎక్కడికిరా నాయనా!" డెల్మర్ అతని కాళ్ళ మీద కూర్చున్నాడు. ఆర్లిస్ తన కోటు విప్పి కప్పింది. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి పెదాలకు ఆనిస్తే గడ్డం మీదుగా కారిపోయింది.

"అయిపోయింది బాబూ, అయిపోయింది. గట్టునే ఉన్నావు," అంటూ అతని చేతులు రుద్దింది.

జాకెట్టుకు ఇంకా తగులుకునే ఉన్న దారాన్ని ఆమె వేలికి చుట్టుకుంది. మొగుడి వంక చూసింది. "తెగిందా? తెగిందా చెప్పు?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"తెగలేదే తల్లీ," అన్నాడు డెల్మర్. అతనికీ కళ్ళు తడిశాయి. "ఇక జన్మలో నీకు ఎదురు చెప్పను."

ఎక్కడో దూరంగా సైరన్ వినిపించింది. కింద పడుకున్నతని దవడ కదిలింది. ఏదో అనబోయాడు, పళ్ళు టకటకలాడి మాట పెగల్లేదు.

"నువ్వేం చెప్పక్కర్లేదు బాబూ. తర్వాత చెబుదువుగాని," అంది ఆర్లిస్.

అతను ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. ఆమె వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టింది.

"నా వెనకే మా ఆవిడ కొట్టుకొచ్చింది... నన్ను వదిలేసి తనకి గాలం వెయ్యండనే అరిచాను."