ఊళ్లో లేని పిల్ల

“అద్దె ఇంటికి తాళం వేసి ఊరెళ్తే ఇంటాయన ఆ నెల అద్దె వదిలేస్తాడా అండీ? ఇదీ అంతే. పిల్ల వచ్చినా రాకపోయినా ఫీజు ఫీజే,” అంది నర్సరీ మేడమ్.

ఎదురుగా ఉన్నది పాప తండ్రి. పెద్దవాళ్ల కుర్చీ ఇంకొకటి లేక, పిల్లల బుల్లి కుర్చీలోనే మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు. పాప అమ్మమ్మగారింటికి వెళ్లిందనీ, నెలాఖరుదాకా రాదనీ, తాగని పాలకీ పడుకోని పరుపుకీ డబ్బు కట్టమంటే ఎలాగనీ, దారి పొడుగునా వల్లె వేసుకొచ్చిన మాటలన్నీ మరోసారి అప్పజెప్పాడు.

మేడమ్ తన బాధ తను చెప్పుకుంది. ఓ పిల్ల ఊరెళ్లిందని ఆయా జీతం తగ్గించలేదట. ఆ సీటు కోసం ఇంకో తల్లి రోజూ ఫోన్ చేసి ప్రాణం తీస్తోందట. ఫీజు కట్టకపోతే సీటు ఆవిడ కొడుక్కి ఇవ్వక తప్పదట. కోపంగా చెప్పి ఉంటే అతనూ నాలుగు మాటలు అనేవాడు. నవ్వుతూ చెప్పేసరికి తనూ ఓ నవ్వు నవ్వాడు.

అసలు సంగతి ఏమిటంటే, పిల్ల ఏ ఊరూ వెళ్లలేదు. పక్కవీధిలో గడియారాలు బాగుచేసే స్నేహితుడి కొట్లో స్టూలెక్కి కూర్చుని బిస్కెట్లు తింటోంది. ఈ తండ్రి మహానుభావుడు పనిచేసే ఫర్నిచర్ షోరూము మూతపడింది. ఆ మాట భార్యకు చెప్పే ధైర్యం లేదు. ఆమెకు ఆరో నెల. బీపీ ఎక్కువగా ఉంది, ఏ కంగారూ పెట్టకండని డాక్టరమ్మ ఇతన్ని పక్కకు పిలిచి మరీ చెప్పింది. అందుకని రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాప భుజానికి సంచీ తగిలించి, నర్సరీకని బయల్దేరుతున్నాడు. జీతం లేనప్పుడు ఫీజెందుకని అక్కడికి మాత్రం తీసుకెళ్లట్లేదు. కాసేపు పార్కులో, కాసేపు ఉద్యోగం అడగబోయిన ఆఫీసుల మెట్ల మీద కాలక్షేపం చేసి, సాయంత్రానికి తండ్రీకూతుళ్లిద్దరూ ఇల్లు చేరుతున్నారు.

అతని మొహం చూసి మేడమ్ మెత్తబడింది.

“సరే, సగం కట్టండి. సీటు ఎవరికీ ఇవ్వను. మీ పాపంటే మాకందరికీ ప్రాణం.”

జేబులో ఉన్నదంతా తీసి బల్ల మీద పెట్టాడు. గండం గడిచిందనుకున్నాడు. లేవబోతుంటే మేడమ్ ఆగమంది. ఊరెళ్లిన పిల్లల్ని మిగతా పిల్లలందరూ ఫోన్లో పలకరించడం ఆ నర్సరీలో అలవాటట. అలా చేయకపోతే, తిరిగొచ్చిన రోజు గేటు పట్టుకుని లోపలికి రానని ఏడుస్తారట. ఆయా అప్పటికే పిల్లల్ని పోగేసుకొచ్చింది. అందరూ ఫోన్ చుట్టూ మూగారు.

“అమ్మమ్మగారి నంబరు చెప్పండి.”

ఆవిడకు ఫోన్ లేదన్నాడు. మళ్లీ వెంటనే, ఉందిగానీ పాడైందన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇతగాడిది జిగురు ఆరకముందే ఊడిపోయింది.

“పర్లేదులెండి, పాప వాళ్లమ్మ నంబరు మా దగ్గరుంది. ఆవిణ్ణే కలపమంటాను,” అంటూ మేడమ్ నొక్కేసింది.

వద్దండీ, డ్యూటీలో ఉంటుందండీ అంటూ గభాల్న లేచాడు. బుల్లి కుర్చీ కూడా అతనితోపాటే లేచింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. రెండు చేతులతో కుర్చీని ఊడదీసుకుంటూ ఉండగానే అవతల భార్య గొంతు వినిపించింది. మేడమ్ స్పీకరు పెట్టింది.

“నమస్తే అండీ. పాప మీ అమ్మగారి దగ్గరుందటగా? మీవారు చెప్పారు. మా పిల్లలు ఓసారి మాట్లాడతారట.”

అవతల చప్పుడు లేదు. పనిచేసే ల్యాబులో, రక్తం సీసాల మధ్య, ఆమె కళ్లు తిరిగి పడిపోయినట్టే అనిపించింది. తన తెలివి తగలెయ్య, పొట్టలో బిడ్డకు ఏమైనా అయితే ఆ పాపం ఎక్కడ కడుక్కోవాలి?

“అవునండీ,” అంది భార్య. “మా అమ్మ దగ్గరే ఉంది. ఈపాటికి నిద్రపోయుంటుంది. రేపు మాట్లాడిస్తాను. ఆయనకోసారి ఫోనివ్వండి.”

పొద్దున తన చేత్తో జడలు వేసి పంపిన పిల్లను అమ్మ దగ్గరుందంటోంది. పరాయి మనిషి ముందు మొగుడి పరువు కాపాడుతోంది. మరి ఇంటికెళ్లాక సంగతేమిటి? పాప ఎక్కడుందో తెలియక ఆ తల్లి ప్రాణం ఇప్పుడు ఎంత కొట్టుకుంటోందో? స్పీకరు తీసేసి, ఫోన్ పట్టుకుని, చిన్న చిన్న చెప్పుల వరసలు దాటుకుంటూ వరండాలోకి వచ్చాడు.

“ముందు నువ్వు కూర్చో. కంగారు పడకు,” అన్నాడు. కూర్చున్నది మాత్రం తనే. “పాప క్షేమంగానే ఉంది. అంతా చెప్తాను. ఉద్యోగం...”

“పోయింది. తెలుసు.”

“తెలుసా? ఎప్పట్నుంచి?”

“మొదటిరోజు నుంచీ. ‘అమ్మా, నాన్నకి ఆఫీసు లేదు, నాకు స్కూలు లేదు, నీకు మాత్రం చెప్పొద్దన్నాడు’ అని ఆ రాత్రే నా చెవిలో చెప్పిందండీ మీ కూతురు.”