సర్పంచి గొంతు

ఆ కాలానికి గ్రామసభలకి ఎవరూ గడప దాటేవారు కాదు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని లైనులోనే మాట్లాడుకునేవారు. మహిళా సర్పంచి బదులు మొగుడు నోరు విప్పితే సభ నడిపే యంత్రం గొంతు గుర్తుపట్టి లైను కోసేసేది. అందుకని సూర్రావు ఒక కంఠపట్టీ కొన్నాడు. అది మెడకు కట్టుకుంటే అతని మాట భార్య నూకరత్నం గొంతుతో వినిపిస్తుంది. గెలిచింది ఆవిడ, ఏలేది ఈయన.

ఆ రోజు మంచినీళ్ల గొట్టం గురించి చర్చ.

"ముందు మా వీధికే వెయ్యాలి," అన్నాడు సూర్రావు, ఆవిడ గొంతుతో.

"నువ్వాగమ్మా, ఇయ్యన్నీ ఆడోళ్లకేం తెలుస్తాయి? మీ ఆయన్ని పిలు," అన్నాడు వార్డు మెంబరు పైడయ్య.

"నేనేరా ఆయన్ని!" అని అరిచాడు సూర్రావు. ఆ ఆడగొంతు అరుపుకి సభంతా పగలబడి నవ్వింది. ఉక్రోషంతో పట్టీ పీకేసి, "ఒరే పైడయ్యా!" అన్నాడో లేదో, లైను తెగిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక మాట చెల్లకపోవడం అతనికదే మొదలు. వంటింట్లోంచి అంతా విన్న నూకరత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చి లైను కలిపింది.

"కొండపేటోళ్లు మైలు దూరం నించి నీళ్లు మోసుకుంటన్నారు. గొట్టం ముందు ఆళ్లకే."

"అమ్మా, మీ ఆయన్ని..."

"ఆయనకి గొంతు పోయింది పైడయ్యా. ఇక నాతోనే మాట్లాడాల."