క్వారీ బడి

"నా కొడుక్కి చెవి పోయింది సార్. కొట్టిన మాస్టారికి ఉద్యోగమైనా పోవద్దా?"

ఆయా తన కొడుకుని భుజాలు పట్టుకుని విద్యాధికారి బల్ల ముందు నిలబెట్టింది. తను ఊడ్చే బళ్లోనే వాడూ చదువుతున్నాడు. ఎక్కం తప్పు చెప్పాడని లెక్కల మాస్టారు చెంప మీద ఒక్కటిచ్చాడు. దెబ్బ చెంప దాటి కుడి చెవికి తగిలింది. ఆ వైపు నుంచి పిలిస్తే వాడిప్పుడు పలకడం లేదు.

అధికారి లేచొచ్చి, ఆ చెవి పక్కన చిటికె వేశాడు. కుర్రాడు కదలలేదు. ఇంకోసారి వేశాడు.

"పరధ్యానం కూడా కావచ్చు," అంటూ మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. "చూడమ్మా, ఉద్యోగం పీకడం నా చేతిలో లేదు. నేను పై ఆఫీసుకి రాయాలి, వాళ్లు ఆ పై ఆఫీసుకి రాయాలి, అక్కడో కమిటీ కూర్చోవాలి. ఆ కమిటీ లేచేసరికి మీవాడికి మీసాలొస్తాయి. నా చేతిలో ఉన్నదల్లా బదిలీ."

"అయితే క్వారీ బడికి వెయ్యండి."

అధికారి నవ్వాడు. ఆ ఆఫీసులో ఎవరికి ఎవరిమీద కోపమొచ్చినా ముందు నోటికొచ్చేది ఆ పేరే. బస్సు ఆగిపోయే చోటు నుంచి కాళ్లు పీకేలా నడిస్తే రాళ్ల క్వారీ, దాని పక్కన బడి. ఏ మాస్టారి మీద ఫిర్యాదు వచ్చినా అక్కడికే తోలేవాళ్లు.

"మా బడికే ఎందుకయ్యా?"

గోడవారన బెంచీ మీంచి ఒక పెద్దావిడ లేచింది. తల వెంట్రుకల దగ్గర్నించీ ఒళ్లంతా రాతిపొడి. క్వారీ బడి కమిటీకి పెద్ద ఆవిడే. పొద్దుట్నుంచీ తన వంతు కోసం కాచుక్కూర్చుంది.

"తాగేవాణ్ణి పంపారు. నిద్రపోయేవాణ్ణి పంపారు. జీతం రోజున తప్ప మొహం చూపించనివాణ్ణి పంపారు. కొట్టేవాడొక్కడే మాకు తక్కువయ్యాడు."

"ఆ లోటు కూడా తీరుస్తున్నాంగా పెద్దమ్మా," అన్నాడు అధికారి.

పెద్దావిడ ఆయా వైపు తిరిగింది. "మీ దగ్గర కొట్టినవాడు మా దగ్గరికొచ్చి ముద్దులు పెడతాడా తల్లీ? నువ్వూ పిల్లాణ్ణి కన్నదానివే కదా."

"నా పిల్లాడి గొడవ నాది. మీ పిల్లల గొడవ మీరు చూసుకోండి," అంది ఆయా. "అయినా మీవాళ్లు రాళ్ల మధ్య పెరిగినవాళ్లు. ఒక దెబ్బకేం అరిగిపోరు."

పెద్దావిడ కాసేపు కుర్రాడి చెవి వైపే చూసింది. ఆ తర్వాత అధికారితో మెల్లగా అంది. "మంచివాళ్లని మాకు ఇవ్వరని తెలుసయ్యా. కనీసం ఒక ఆయాని ఇవ్వండి. చిన్నపిల్లలు తడుపుకుంటే సాయంత్రం దాకా ఆ గుడ్డలతోనే కూర్చుంటున్నారు."

"చూద్దాం," అన్నాడు అధికారి.

ఆయా గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మళ్లీ ఎవరో ఒకరి కాళ్లు పట్టుకుని వెనక్కి రాడుగా సార్?"

"క్వారీకి వెళ్లినవాళ్లు తిరిగి రావడం నా హయాంలో జరగలేదు. నిశ్చింతగా వెళ్లు."

సోమవారం పొద్దున్నే ఆయా కొడుక్కి తల దువ్వి, ఉతికిన చొక్కా వేసి ఆఫీసుకి తీసుకొచ్చింది. క్వారీ బడికి పుస్తకాలు మోసుకెళ్లే జీపు గేటు దగ్గర ఆగి ఉంది. ముందు సీట్లో, డ్రైవరు పక్కన, పుస్తకాల కోసం వచ్చిన పెద్దావిడ. వెనకాల పుస్తకాల కట్టల మధ్య, ఒళ్లో పెట్టె పెట్టుకుని లెక్కల మాస్టారు.

"కళ్లారా చూడు," అని కొడుకు ఎడమ చెవిలో చెప్పింది. "ఎలా పోతున్నాడో. ఇంక జన్మలో నీ జోలికి రాడు."

కుర్రాడు చూశాడు. దెబ్బ తిన్న తర్వాత మొదటిసారి నవ్వాడు.

అధికారి మెట్లు దిగి వచ్చాడు. "నువ్వే వచ్చావా, మంచిదైంది. నీకు కబురు పంపుదామనుకుంటున్నా. నువ్వూ ఎక్కు."

"ఎక్కడికి సార్?"

"ఫిర్యాదు చేసినవాళ్లనీ, ఎవరి మీద చేశారో వాళ్లనీ, ఇద్దర్నీ ఆ బడి నుంచి తప్పించాలి. అది రూలు. ఆయా కావాలన్నది క్వారీవాళ్లే. ఆ రోజు నువ్వూ విన్నావుగా."

"అక్కడ మళ్లీ ఇద్దరం ఒకే బళ్లో ఉంటాం కదా సార్?"

"రూలు పాత బడి సంగతే చెప్పింది. కొత్త బడి ఊసు అందులో లేదు."

"నేను పోను."

"నీది టెంపరరీ పోస్టమ్మా," అన్నాడు ఇంటి మనిషికి నచ్చజెప్పినట్టు. "అక్కడికి పోనంటే ఇంటికే పోవాలి. అదే అక్కడైతే బడి వెనకాలే గది, అద్దె లేదు. అబ్బాయి కూడా నీ కళ్లముందే ఉంటాడు. సామాను తర్వాత తెచ్చుకోవచ్చులే."

డ్రైవరు బండి స్టార్టు చేశాడు. ఆయా చుట్టూ చూసింది. ఆఫీసు వరండాలో ఉన్నవాళ్లంతా ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

పెద్దావిడ కాస్త సర్దుకుని తన పక్కన చోటిచ్చింది. "రా తల్లీ. నాలుగు రోజులు రాళ్ల మధ్య తిరిగితే మీవాడూ గట్టిపడతాడు."

ముందు ఒక్కరికే చోటుంది. వెనకాల లెక్కల మాస్టారు పెట్టె కింద పెట్టి, సీటు మీద దుమ్ము చేత్తో దులిపాడు.

"అటు కాదురా, ఇటొచ్చి కూర్చో," అన్నాడు కుర్రాడితో. "దారి పొడుగునా ఎక్కాలు అప్పజెప్పాలి. ఆ బాగున్న చెవి నా వైపు ఉండనీ."