బయటి సాక్షి

సెమినార్ హాల్లో అడ్డంగా పెట్టిన బల్లే బోను. దాని వెనక యల్లక్క నిలబడింది, కొంగు వేలికి చుట్టుకుంటూ.

లా కాలేజీలో ఏటా జరిగే ఉత్తుత్తి విచారణకు, అదే మూట్ కోర్టుకు, సాక్షిని బయటినుంచి తేవడం నారాయణస్వామి సారు పద్ధతి. పిల్లల్నే నిలబెడితే నవ్వులాట అయిపోతుందని. అయినా పోయినేడు క్యాంటీన్ మోహన్ దొంగతనం చూసిన సాక్షిగా నిలబడి, ప్రశ్న ప్రశ్నకూ తనే పకపకా నవ్వాడు. ఈసారి పెనుకొండ పక్క పల్లె నుంచి ఈమెను తెచ్చారు. కూతుర్ని ఇసుక లారీ గుద్దుతుంటే చూసిన తల్లి పాత్ర.

"భయపడొద్దమ్మా, ఈడ అందరూ మన పిల్లోళ్ళే" అన్నారు సారు ఆమెతో. తర్వాత జడ్జి కుర్చీలో కూర్చుని క్లాసు వైపు తిరిగారు. "అసలు కోర్టులో ఎట్లా అడుగుతారో అట్లే అడగాల. జాలి చూపినోళ్ళకు మార్కులుండవు."

కీర్తన లారీ డ్రైవరు తరఫు వకీలు. గెలిస్తే, కోర్టులో కేసులు కూడా వాదించే సారు దగ్గరే జూనియరు. లేదంటే హిందూపురం బజారులో నాయన బట్టల అంగడి. "చదివింది చాలు, వచ్చి గల్లా కాడ కూర్చో" అని ఆయన అప్పుడే మొదలుపెట్టాడు.

"ఏమ్మే, మా ధర్మవరంలో చీర బేరమాడినట్ల అడుగు. దిగొస్తాది" అని వెనక బెంచీలోంచి ధరణి ఎగదోసింది.

కీర్తన కోటు సర్దుకుని లేచింది.

"లారీ వచ్చేటప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇంటి ముందర్నే, తల్లీ."

"తల్లీ కాదు. మేడమ్ అనాలి."

"సరే మేడమ్."

"మీ అమ్మాయి?"

"రోడ్డు దాటుతాండె. బస్సుకని."

"మీరేమైనా అరిచారా?"

"పిల్చినా. అన్నం క్యారేజీ మర్సిపోయిండె."

"పిలిస్తే?"

"నిలబడి ఎనక్కి తిరిగె."

"రోడ్డు మధ్యలోనా?"

యల్లక్క తల ఊపింది.

కీర్తన బల్ల దగ్గరికి ఒక అడుగు వేసింది. ఎవరూ నేర్పని ప్రశ్న, దానంతటదే నోటికి వచ్చింది.

"అంటే, మీరు పిలవకపోయుంటే మీ అమ్మాయి రోడ్డు దాటేసేది. అవునా, కాదా?"

యల్లక్క బల్ల అంచు పట్టుకుని అట్లాగే కూలబడింది.

హాలంతా చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు.

"యాడ పట్టినారు సార్ ఈమెను? నాటకాలామెనా?" అంది ధరణి.

సారు తీర్పు చెప్పకుండానే కుర్చీ దిగి వచ్చి, ఆమె పక్కన కటిక నేల మీద కూర్చున్నారు.

కీర్తన నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తింది. "లేయక్కా, అయిపాయ. ఎంత బాగా చేసినావు! నాకే ఏడుపొచ్చె."

యల్లక్క సీసా అందుకోలేదు. కీర్తన మొహంలోకి కాసేపు చూసింది, కోపం లేకుండా. తర్వాత సారు వైపు తిరిగింది.

"సోమవారం పెనుకొండ కోర్టుకు నేను రాను సారూ, నా బిడ్డను సంపుకునింది నేనే అని నాకు ఈ పొద్దు తెలిసె."